ఒడుగత్తూరు కొండ యిల్లు

గుడియాత్తంలో వైకాశి మొదటి తేదీన, అనగా మే నెల నడుమ, గంగమ్మ తల్లి శిరస్సు వుత్సవం జరుగుతుందని చదువరులలో చాలమందికి తెలుసును. చిత్తూరు, పలమనేరు, బెంగుళూరు, చెన్నపట్నం మొదలైన చోట్లనుండి మా బంధువులందరూ ఆ దినానికి వచ్చి చేరుతారు. 1911లో ఉత్తర ఆర్కాటునుండి చిత్తూరును విడదీశారు. 2019లో వేలూరు జిల్లానే మూడు ముక్కలు చేశారు. మా అవ్వకు మాత్రం యీ లెక్కలు పట్టవు. వుత్సవం మరునాడు అందరమూ మూటాముల్లె కట్టుకొని ఒడుగత్తూరు కొండ కిందనున్న ఆమె యింటికి పోవలసినదే.

పాలారు దాటి పల్లికొండ చేరి, దక్షిణానికి తిరిగితే జవ్వాది కొండలు క్రమంగా దగ్గరకు వస్తవి. పాలారు అని పేరే గాని యేడాదిలో చాలా నెలలు అందులో యిసుకే. కొండలమీదినుండి దిగే ఉత్తర కావేరి సంగతీ వేసవిలో అంతే. ఒడుగత్తూరు చిన్న వూరు. శుక్రవారపు మేకల సంత మాత్రం పెద్దది.

యిల్లు తాత కట్టినది. రెండు గదులు, పెంకుల కప్పు, ముందొక అరుగు. నాలుగు మామిళ్ళు, ఒక పనస, ఒక చింత. పైవూళ్ళ మలయాళీలు (కేరళవారు కారు, తమిళం మాట్లాడే కొండజనం) సంతకు దిగేటప్పుడు మూటలు ఆ అరుగుమీద దించుకొని, మజ్జిగ తాగి, కాసిని సామలో తేనెయో యిచ్చి పోతారు.

అవ్వకు యెనభైమూడేండ్లు. చదువు రాదు. నేను యిరువదేండ్లుగా ఆఫీసులో హాజరుపట్టీ వ్రాస్తున్నవాణ్ణి. అయినా ఆమె లెక్కముందు నా లెక్క యేపాటిది? వచ్చే మనిషికొక చింతగింజ చొప్పున పడిలో వేసుకొని, దాన్నిబట్టి బియ్యం, రాగిపిండి, చాపలు, చెంబులు సిద్ధం చేస్తుంది. ఈ యేడు మేము యిరువదియేడుగురం. గింజలు యిరువదియెనిమిది.

"ఒకటి యెక్కువుందే అవ్వా?" అన్నాను.

"చెప్పకుండా వచ్చేటోడికి ఆకలి కాదేమిరా?" అన్నది.

మూడు రాళ్ళ పొయ్యిమీద సంకటి తానే కెలుకుతుంది. కోడళ్ళు తెడ్డు అందుకోబోతే కసురుతుంది. అందరూ తిన్నదాకా తాను కూర్చోదు. మా పిల్లలు 2006 చట్టం తరువాత బడిలో తమిళమే చదివినవారు. ఈ పత్రికను మా పెద్దమ్మాయికి నేను చదివి వినిపించవలసినదే. అయితే అవ్వ దగ్గర తెలుగులో అడిగితేనే పనసతొన. అందుచేత ఆ రెండు దినాలూ పిల్లకాయల తెలుగు బ్రహ్మాండంగా సాగుతుంది. రాత్రి వాకిట్లో చాపలు పరిస్తే ఆకాశం నిండా చుక్కలే. ఇవే కొండలలో కావలూరులో 1986లో పెద్ద దూరదర్శిని నెలకొల్పారంటే వూరికే కాదు.

ఈసారి నా చొక్కా జేబులో ఒక కాగితం వున్నది. పోయిన వానకాలంలో అవ్వ బావి దగ్గర జారిపడి, తెల్లవార్లూ వొంటరిగా మూలిగినది. పొద్దున కట్టెలకు వచ్చిన కొండ మనిషి చూడకపోతే యేమయ్యేదో. యిల్లు అమ్మి అవ్వను గుడియాత్తం తెచ్చుకుందామని చిన్నాయన అంటే కాదనటానికి మాట లేదు. చేవ్రాత బాగుంటుందని అమ్మకపు ఒప్పందం చిత్తు నాచేతనే వ్రాయించారు.

కాని పడిన తరువాత రెండు నెలలు అవ్వ మా యింటనే వున్నది గదా! మా ఆవిడ యే లోటూ చేయలేదు. అవ్వ గోడవారగా కుర్చీలో కూర్చునేది. నీళ్ళు కాచుకోవాలన్నా "పొయ్యి వెలిగించుకోనా?" అని అడిగేది. చుట్టాలు వస్తే వెనుక గదిలోకి పోయేది. ఆ రెండు నెలలు ఆమె యెవరినీ "తిన్నావా?" అని అడగలేదు. నాకది అప్పుడు తట్టలేదు. ఇక్కడ ఆమె కేకలు వింటూంటే తట్టినది.

రెండవనాటి సాయంత్రం చిన్నాయన మాట కదిపినాడు. అవ్వ చింతపండు గింజ తీయటం ఆపలేదు.

"అమ్ముకోండి, వద్దనను. నేను మీ యింటికొస్తే మీరు యెవురింటికొస్తార్రా?" అన్నది.

యెవరూ జవాబు చెప్పలేదు. అత్త లేచి దీపం వెలిగించింది.

మరునాడు బస్సు వచ్చేవేళకు అవ్వ గేటు దగ్గర లేదు. బావి వద్ద గంగాళం తోముతున్నది. చిన్నాయన నా జేబువైపు చూచినాడు. నేను పిల్లలను లెక్కపెట్టసాగినాను.