నూనె చేతులు

మా సంగంలో పసిబిడ్డకు నీళ్ళు పోయడమంటే పెద్ద పనే. ఇంట్లో పెద్దామె పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటుంది. బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, మాడున ఆముదం అద్ది, ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించి, చేతులూ కాళ్ళూ మెల్లగా చాపుతూ ముడుస్తూ రుద్దుతుంది. తర్వాత సున్నిపిండి, గోరువెచ్చని నీళ్ళు. అప్పటిదాకా గుక్కపెట్టి ఏడ్చిన బిడ్డ పాలు తాగి హాయిగా నిద్రపోతుంది. "ఒళ్ళు రుద్దితేనే బిడ్డ సాగేది" అంటుంది మా అత్త. మా వీధిలో ఎందరో పిల్లలకు నీళ్ళు పోసిన చేతులు ఆమెవి. మా ఇద్దరు పిల్లలకు కూడా.

ఆ మాటలో నిజం లేకపోలేదు. అమెరికాలో టిఫనీ ఫీల్డ్ అనే ఆమె, తోటివాళ్ళతో కలిసి నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మీద చేసిన పరిశోధన 1986లో అచ్చయింది. రోజుకు 3 సార్లు, సారికి 15 నిమిషాలు, 10 రోజులపాటు ఆ పిల్లల ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ ఆడించారు. మిగతా పిల్లలకంటే వాళ్ళు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. పాలు మాత్రం ఎక్కువేమీ తాగలేదు! అంతకుముందే, 1978లో, కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక తక్కువ బరువు బిడ్డలను తల్లి రొమ్ముకే ఆనించి కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో చెప్పే కంగారూ పద్ధతి అదే.

పసిపిల్లల సంగతి సరేనండీ. మరి ఆ నీళ్ళు పోసిన చేతులకు వయసు మీరాక?

మామ పోయి ఆరేళ్ళయింది. అత్తకు వేళకు అన్నం, మాత్రలు అన్నీ జరుగుతున్నాయి. మనవళ్ళు హాస్టళ్ళలో ఉన్నారు. బీపీ చూసే నర్సు చేతికి పట్టీ చుట్టడం తప్ప ఆమెను ముట్టుకునే మనిషే లేరు. ఒక రాత్రి "కాళ్ళు గుంజుతుండాయి అమ్మే" అంది. పెన్నా కాలవ కింద బురద మళ్ళలో నాట్లేసిన కాళ్ళవి. నూనె వెచ్చజేసి మోకాలి నుంచి మడమ దాకా మెల్లగా రాశాను. కాసేపటికి నొప్పి మాట మరిచి వాళ్ళమ్మ కబుర్లు ఎత్తుకుంది. ఇన్నేళ్ళలో నాకెన్నడూ చెప్పనివి.

మన చర్మంలో మెత్తటి స్పర్శను మోసే నరాలు కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయట. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనంతో నిమిరితేనే అవి బాగా పలుకుతాయి. అంటే తల్లి చెయ్యి బిడ్డను నిమిరే వేగమే. హడావుడిగా రుద్దితే ఆ సుఖం రాదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఒక కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే రుద్దకండి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, డాక్టరుకు చూపించండి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్ళకు కాక తెలియదు, నూనె ముందు మీ చేతిమీద చూసుకోండి. పసిపిల్లల ముక్కుల్లో, చెవుల్లో నూనె వద్దు.

పెద్దయిన కొడుకు తల్లిని ముట్టుకోవడం, దణ్ణం పెట్టేటప్పుడు తప్ప, మన ఇళ్ళలో అరుదు. మా ఆయనా అంతే. ఒక ఆదివారం నాకు వంటింట్లో పనుండి నూనె గిన్నె ఆయన చేతికిచ్చాను. "నీకెందుకురా" అని అత్త కాళ్ళు ముడుచుకుంది. ఆయన వదల్లేదు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

మోకాళ్ళ అరుగుదల అట్నే ఉంది, అది నూనెతో పోయేది కాదు. కానీ ఇప్పుడు ఆదివారం తొమ్మిదయితే చాలు, "అబ్బయ్య ఇంకా రాలేదా?" అని రెండుసార్లు అడుగుతుంది.