ఇల్లు ఇచ్చిన పేరు

స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండల్లో బాస్క్ జనం ఉంటారు. వాళ్ల ఇంటిపేరు నిజంగానే ఇంటి పేరు. ‘ఎచె’ అంటే ఇల్లు, ‘బెరి’ అంటే కొత్త. ఎచెబెరియా అంటే కొత్త ఇంటివాళ్లు. మెండిసబల్ వెడల్పైన కొండ. దక్షిణ అమెరికా విముక్తి వీరుడు బొలివార్ పేరూ అక్కడిదే, పిండిమర ఉన్న లోయ అని. స్పానిష్ గుమాస్తాలు ఈ పేర్లను తమ స్పెల్లింగులో రాసుకున్నారు. 1975లో ఫ్రాంకో పోయాక చాలామంది తిరిగి బాస్క్ స్పెల్లింగుకు మార్పించుకున్నారు.

ఇది చదివి మేము మా బడి రిజిస్టరు తీశాం. మా గోండులలో ఇంటిపేరు చెబితేనే ఎన్ని దేవరల సగ, ఎవరితో వియ్యం అన్నది తేలుతుంది. రిజిస్టరులో మాత్రం కుమ్రం ఒకచోట కొమురం, ఇంకోచోట కొమరం. రాసింది మేమే. “మా తాత కుమ్రం అంటడు సార్” అన్న పిల్లవాడికి, ఆధార్‌లో ఎట్లుంటే అట్లే అని చెప్పిందీ మేమే.