ఈత వచ్చు... పోటీ అంటేనే దడ!

ఈత వచ్చిన మిమ్మల్ని, నలభయ్యో యాభయ్యో దాటాక, "పోటీకి పేరివ్వరాదూ?" అని ఎవరైనా అడిగితే ఏం చేస్తారు? "ఈ వయసులోనా!" అని నవ్వేస్తారు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టదు. లోలోపల ఇవ్వాలనే వుంటుంది మరి!

నా సంగతీ అంతే. పదేళ్ళ వయసు దాకా వీపుకి బెండు కట్టుకుని మా వూరి కాలవలో ఈదినదాన్ని. ఓణీ వేశాక ఆ గట్టు మీదికి వెళ్ళనివ్వలేదు. నలభై ఏడో ఏట రక్తపోటుకి మాత్రలు మొదలయ్యాయి. రోగులకి రోజూ చెప్పే "వ్యాయామం చెయ్యండి" అన్న మాట నాకు నేనే చెప్పుకుని మళ్ళీ నీళ్ళలో దిగాను. నాలుగేళ్ళు హాయిగా గడిచింది. పోటీ అనేసరికి గుండె దడ! మా నాన్నగారు యాభై రెండో ఏట గుండెపోటుతో పోయారు. నాకప్పుడు యాభై ఒకటి. ఈ దడ భయానిదా, జబ్బుదా అన్నది తేలకుండా ఫారం నింపే ధైర్యం డాక్టర్నయిన నాకే లేకపోయింది.

కనుక మీరూ ముందు ఈ రెంటినీ విడదీయండి. భయపడితే ఎడ్రినలిన్ అనే హార్మోను రక్తంలో చేరి గుండె వేగాన్ని పెంచుతుంది. అరచేతులు చెమర్చటం, నోరెండటం, మాటిమాటికీ స్నానాలగదివైపు పరుగెత్తటం అన్నీ ఆ గాభరా లక్షణాలే. పోటీతోపాటే అవీ పోతాయి. కాని మెట్లెక్కినప్పుడో, వేగంగా ఈదినప్పుడో రొమ్ము బిగబట్టినట్టయి, ఆగగానే తగ్గుతోందా? నొప్పి చేతికో దవడకో పాకుతోందా? కళ్ళు తిరుగుతున్నాయా? అది భయమని సరిపెట్టుకోవద్దు. డాక్టరుకి చూపించుకోనిదే పోటీ మాట తలపెట్టకండి. రక్తపోటు, మధుమేహం వున్నవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవారు ఏ బాధా లేకపోయినా ముందు పరీక్ష చేయించుకోవాలి. నేను తోటి డాక్టరు దగ్గరికి రోగిలాగే వెళ్ళాను. ఆయన ట్రెడ్‌మిల్ మీద నడిపించి, రిపోర్టు చూసి, "వెళ్ళి ఈదండి డాక్టరుగారూ" అన్నారు. ఆ దడ అప్పటికీ పోలేదనుకోండి. దాని పేరు తెలిసిందంతే.

అటెనొలాల్ వంటి మాత్రలు వాడేవారికి ఎంత శ్రమపడినా నాడి వేగం అంతగా పెరగదు. నాడి చూసుకుని "ఇంకా జోరు పెంచవచ్చు" అనుకోకూడదు. అలాగని పోటీ రోజున మాత్ర మానకండి సుమా!

ఇక రెండో భయం సిగ్గు. దీనికి నా దగ్గర మాత్ర లేదు. "ఇంత వయసొచ్చి పందేలేమిటే? నలుగురూ చూడరూ?" అంది మా అమ్మ. నలుగురూ చూస్తారనేదే నా బాధ కూడా! నాకు ధైర్యమిచ్చింది నియమాల పుస్తకమంటే నవ్వుతారేమో. పెద్దల పోటీలను మాస్టర్స్ అంటారు. 25 ఏళ్ళ నుంచి ఐదేసి ఏళ్ళకొక వర్గం. ప్రపంచ మాస్టర్స్ పోటీలు 1986లో టోక్యోలో మొదలయ్యాయి. యాభై ఏళ్ళావిడని ఇరవయ్యేళ్ళ పిల్లతో పోల్చి ఫలితం తీయరన్న మాట. ఆడవారు భుజాల నుంచి మోకాళ్ళ దాకా వుండే సూటు వేసుకోవచ్చు. ఎత్తు దిమ్మ మీంచి దూకి తీరాలని లేదు, నీళ్ళలోనే వుండి గోడను కాళ్ళతో తన్ని బయల్దేరవచ్చు. ఫ్రీ స్టయిల్లో అలసిపోయి, లోతు అందేచోట కాళ్ళానించి నిలబడినా తప్పు లేదు, నడవకూడదంతే. ఈ రెండు సంగతులూ చదివాకే నేను 50 మీటర్ల ఫ్రీ స్టయిల్‌కి సంతకం పెట్టాను. (మీ వూరి నిర్వాహకులని కూడా ఓసారి అడగండి.) మన హైదరాబాదు గోలి శ్యామల గారు 2021లో పాక్ జలసంధి ఈదింది నలభై దాటాకే. మనం అడిగేది ఒక్క కొలను!

సిగ్గు పోవాలంటే రిహార్సల్సు కావాలి. ఇంట్లోవాళ్ళని గట్టు మీద నిలబెట్టండి. ఈల వెయ్యమనండి, పేరు పెట్టి గట్టిగా అరవమనండి. అలవాటైన గోల అంతగా భయపెట్టదు. మొదటి బారలు కావాలనే నెమ్మదిగా వెయ్యటం నేర్చుకోండి. కొత్తవాళ్ళు ఈల వినగానే ప్రాణం మీదికొచ్చినట్టు కొట్టి, సగంలో ఆయాసపడతారు.

ఊపిరి విషయంలో ఒక హెచ్చరిక. పోటీకి ముందు గబగబా పది పదిహేను గాఢమైన శ్వాసలు తీస్తే ప్రాణవాయువు నిలవ వుంటుందని కొందరి నమ్మకం. చాలా ప్రమాదం! అలా చేస్తే రక్తంలో బొగ్గుపులుసు గాలి తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలనిపించేది దానివల్లే. ఆ హెచ్చరిక అందేలోగానే నీళ్ళలో స్పృహ తప్పవచ్చు. మామూలుగా ఊపిరి తీసుకోండి, తల నీళ్ళలో వున్నంతసేపూ ముక్కుతో, నోటితో మెల్లిగా వదలండి. గాభరాకి కూడా ఇదే మందు.

తిండి రెండు గంటల ముందు, రెండు ఇడ్లీలు చాలు. పెసరట్టు ఉప్మా మర్నాడు తినవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారు మోతాదు, ఆహారం డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. గట్టు మీద పంచదారో, గ్లూకోజో అందుబాటులో వుంచుకోవాలి.

ఈత అవగానే ఒక్క ఉదుటున గట్టెక్కకండి. నీళ్ళ ఒత్తిడి కాళ్ళలోని రక్తాన్ని పైకి నెడుతూ వుంటుంది. బయటికి రాగానే ఆ ఆసరా పోయి కళ్ళు తిరగవచ్చు. వీలైతే కాసేపు మెల్లిగా ఈది, అప్పుడు ఎక్కండి. ఐదుగురిలో నాలుగోదాన్నయిన నేను గోడ పట్టుకుని అలా నిలబడి వుంటే, పక్క వరసలోంచి అరవై రెండేళ్ళావిడ, "వంద మీటర్లకి కూడా పేరిచ్చారా?" అని అడిగింది. ఆయాసంతో మాట రాక, తల అడ్డంగా వూపాను.