బాపు ఫోన్‌లో నాలుగు ఫోటోలు

సాయంత్రం ఐదింటికి మన కాలేజీ పార్కింగ్‌లో కాసేపు నిలబడండి. చలాన్లు తప్పించుకోవడం ఎలా అన్న సబ్జెక్టులో ఒక సెమిస్టర్‌కి సరిపడా జ్ఞానం దొరుకుతుంది. నంబర్ ప్లేట్ ఎంత వంచితే కెమెరాకి అందదు, చివరి అంకె మీదకి మాస్క్ ఎలా జార్చాలి, ఎదురుగా వచ్చే లారీ అన్న హెడ్‌లైట్ కొడితే అర్థం ఏంటి, అన్నీ చెప్తారు. ఆ సబ్జెక్టులో నేను టాపర్‌ని. శుక్రవారం సాయంత్రం "గన్ ఎక్కడుంది?" అని మెసేజ్ పెట్టుకునే వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్‌ని కూడా.

మాది సిద్దిపేట దగ్గర ఊరు. సెకండియర్‌లో బాపు తన బండి నాకిచ్చి, తను పాత మోపెడ్ బయటికి తీసిండు. కాలేజీ నుంచి ఇంటికి 80 కిలోమీటర్లు, రాజీవ్ రహదారి మీద. రోడ్డు సాఫ్‌గా ఉంటుంది కాబట్టి బండి దానంతట అదే ఉరుకుతున్నట్టు ఉండేది. ఎన్ని తెలివితేటలు వాడినా ఏడాదిన్నరలో నాలుగుసార్లు దొరికిపోయిన. ఒక్కోటి 1,035 రూపాయలు. జరిమానా వెయ్యి, పైన యూజర్ చార్జీ 35.

కట్టలేదు. ఎందుకు కడతాం? 2022 మార్చిలో టూవీలర్ల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం తగ్గించారు. 2023 చివర్లో 80 శాతం తగ్గించారు. ఇంకో ఆఫర్ రాకపోతుందా అని మేమంతా ఎదురుచూస్తూ కూర్చున్నాం, దసరా సేల్ కోసం చూసినట్టు. ఒక్కటే చిక్కు. బండి బాపు పేరు మీద ఉంది, మెసేజ్ ఆయన ఫోన్‌కే పోతుంది. ఆయనకి ఇంగ్లీషు మెసేజ్‌లు చదవడం రాదు. అయినా భయానికి, ఇంటికి పోయినప్పుడల్లా "బాపు, ఒకసారి ఫోన్ ఇయ్యి, స్టోరేజ్ నిండింది" అని తీసుకుని అవి డిలీట్ చేసేవాణ్ని. ఆయన ఏమీ అడగకుండా ఇచ్చేసేవాడు.

పోయిన దసరా సెలవుల్లో మక్కలు అమ్మిన పైసలు తెచ్చుకోవడానికి బాపు నా బండి మీద టౌన్‌కి పోయిండు. వచ్చేటప్పుడు చెకింగ్‌లో ఆపారు. నాలుగు చలాన్లు పెండింగ్ ఉన్నాయన్నారు. "నేను ఊర్లె నలభై కూడ దాటను సారూ, నాకెట్ల పడతయ్?" అని అడిగిండట. చివరికి మక్కల పైసల్లోంచి 4,140 కట్టి ఇంటికొచ్చిండు.

నాకు ఆ విషయం చెప్పలేదు. బండి పక్కకి పెట్టి, కాళ్లు కడుక్కుని, అన్నం తిన్నడు. తర్వాత ఇంటర్ చదివే మా చెల్లెని పిలిచి, "గీ బండి నంబర్ కొట్టి, ఆ ఫోటోలేవో తియ్యి బిడ్డా" అన్నడు. నేను గోడకి ఆనుకుని కూర్చున్నా. లేచి పోదామంటే కాళ్లు రాలేదు.

ఒక్కో ఫోటో తెరుచుకుంది. అన్నీ వెనక నుంచి తీసినవే. తేదీ, టైము, స్పీడు. మూడింట్లో నేను ఒక్కణ్నే ఉన్నా. నాలుగోది రాగానే చెల్లె, "అన్నా, గిది నేనే కదా!" అంది. స్పీడు 84. అక్కడ లిమిట్ 60. హాస్టల్ నుంచి దాన్ని ఇంటికి తెచ్చిన రోజు అది. దాని తల మీద హెల్మెట్ లేదు. ఒడిలో బ్యాగు. ఒక పక్కన చున్నీ జారి, కొస వెనక చక్రం దాకా వేలాడుతోంది.

ఆ చక్రం పక్కన శారీ గార్డ్ ఉండాలి. బండి నా చేతికొచ్చిన వారంలోనే నేనే ఊడదీయించిన. లుక్ బాలేదని.

బాపు ఫోన్ నా ముందర పెట్టిండు. "మక్కలు మళ్ల పండుతయ్ రా. గీ పిల్ల చున్నీ ఏడున్నదో సూడు" అన్నడు. అంతే. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. ఇంకో మాట అంటాడేమో, ఫోన్ ఎందుకు తీసుకునేవాడివి అని అడుగుతాడేమో అని రాత్రంతా చూశా. అడగలేదు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక మొదటిసారి లెక్క వేసుకున్నా. మనం ఇంజనీరింగ్ వాళ్లం, ఇది ఇంటర్ ఫిజిక్సే. 60 నుంచి 84 అంటే స్పీడు 40 శాతమే పెరిగింది, కానీ గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు అవుతుంది. ఏదో అడ్డం వచ్చిందని గ్రహించి బ్రేక్ పట్టడానికి ఒక సెకను పడుతుందనుకోండి. బ్రేకులు మంచిగా పట్టి, సెకనుకి సెకనుకి 6 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకోండి. 60లో ఉన్న బండి సుమారు 40 మీటర్లలో ఆగుతుంది. 84లో ఉన్నది 69 మీటర్లు పోతుంది. ఆ తేడాలో రెండు ఆర్టీసీ బస్సులు వరసగా పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. ఇది పొడి రోడ్డు లెక్క. వాన పడితే వేరే.

మరి నేను మిగుల్చుకున్నదేంటి? 80 కిలోమీటర్లు దారంతా 84లోనే పోయినా, 60లో పోయేవాడికంటే 23 నిమిషాలు ముందు చేరతా. మేము ప్రజ్ఞాపూర్‌లో చాయ్‌కి ఆగితే అరగంట కూర్చునేవాళ్లం!

ఇంకో సంగతి. గన్ కనబడగానే బ్రేక్ కొట్టి తప్పించుకున్నానని చాలాసార్లు మురిసిపోయిన. అది లేజర్. కాంతి పల్స్‌లు పంపి, అవి బండికి తగిలి తిరిగొచ్చే టైముతో దూరం కొలుస్తుంది. ఆ దూరం ఎంత తొందరగా మారుతుందో చూసి వేగం లెక్కేస్తుంది. సెకను కూడా పట్టదు. వందల మీటర్ల దూరం నుంచే చూస్తుంది. మనకి ఖాకీ చొక్కా కనబడేసరికి దాని పని అయిపోయి ఉంటుంది. నేను తప్పించుకున్నాననుకున్న రోజుల్లో చాలావరకు అది నావైపు చూడని రోజులే అయ్యుంటాయి.

ఇదంతా తెలిశాక కూడా నన్ను కుదురుగా ఉంచుతున్నది లెక్క కాదు, ఆ ఫోటోనే. నాకు ముందర రోడ్డు మాత్రమే కనిపించేది. నా వెనక ఎవరు కూర్చున్నారో, ఎట్లా కూర్చున్నారో ఆ కెమెరా చూసింది. నేను ఏడాదిన్నర దాక్కున్నది దాని నుంచే.

శారీ గార్డ్ మళ్లీ బిగించా. పాతది దొరకలేదు, కొత్తదానికి కొంచెం ఖర్చయింది. రెండో హెల్మెట్ కొన్నా. చున్నీ ముడి వేసుకున్నదా లేదా చూశాకే కిక్ కొడతా. గ్రూపు అడ్మిన్‌గా తప్పుకున్నా, ఇంకొకడికి ఇచ్చేశా. ఆ 4,140 బాపుకి ఇస్తే తీసుకోలేదు, "నీ ఫీజుకి ఉంచుకో" అన్నడు.

పోయిన నెల ఇంటికి పోయినప్పుడు బాపు తనే ఫోన్ నా చేతికిచ్చిండు. "స్టోరేజ్ నిండిందేమో సూడు" అన్నడు. నవ్విండో లేదో చీకట్లో కనబడలేదు. చూశా. చలాన్ మెసేజ్ ఒక్కటీ లేదు. ఏదీ డిలీట్ చేయకుండా తిరిగిచ్చేశా.