అబ్బాకు కనిపించే పిల్లలు

ఇషా నమాజ్ అయ్యాక అమ్మీ చాయ్ తెచ్చింది. అబ్బా కప్పు అందుకుని, గది మూలకు చూపించి "వో బచ్చోంకు భీ దేవ్" అన్నారు. మూలలో పిల్లలెవరూ లేరు. కుర్చీ మీద నా దుపట్టా వేలాడుతోంది, అంతే.

అబ్బాకు పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లు. వణుకు, అడుగు ముందుకు పడకపోవడం మాకు అలవాటే. ఇది మాత్రం కొత్త. "ఘర్‌లో జిన్నాతులు చేరాయి" అంది ఫుప్పూ. తావీజ్ వచ్చింది, దమ్ చేసిన నీళ్లొచ్చాయి. నేను కాదనలేదు. దువా మీద నాకూ యకీన్ ఉంది. కానీ ఆమె ఇంకో మాట కూడా అంది: "ఆ గోలీలే దిమాగ్ ఖరాబ్ చేస్తున్నాయి, అన్నీ బంద్ చేయండి."

అందులో సగం నిజం. మిగతా సగం జాన్ మీదికి తెచ్చేది.

ఒకరోజు ఫజర్ తర్వాత అమ్మీ జానమాజ్ మీదే కూర్చుని ఏడుస్తోంది. ఎంతో అడిగితే చెప్పింది. రాత్రిళ్లు తన కోసం ఎవరో మగాడు వస్తున్నాడని అబ్బా షక్ పడుతున్నారట. నలభై నాలుగేళ్ల నిఖా. మూడు నెలలుగా ఆమె షరమ్‌తో కడుపులో దాచుకుంది. "యే బాత్ ఎవరికి చెప్పను బేటీ?"

న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. పిల్లల సంగతి వినగానే ఆయనే అడిగారు: "అమ్మగారి మీద అనుమానం కూడా ఉందా?" అమ్మీ తలెత్తింది. "అది ఆయన మాట కాదమ్మా, జబ్బు మాట. చాలా ఇళ్లలో ఉంటుంది" అన్నారు.

తర్వాత విడమరచి చెప్పారు. ఈ జబ్బులో మెదడులో డోపమైన్ తగ్గిపోతుంది. దాన్ని పెంచే మందులు కాళ్లూ చేతులూ కదిలిస్తాయి, అవే ఒక్కోసారి మెలకువలో ఖ్వాబ్ చూపిస్తాయి. జబ్బు ముదిరితే మెదడు తనంతట తానూ చూపిస్తుంది. ముందు మూత్రం, రక్తం పరీక్షలు చేయించారు. పెద్దవాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఒంట్లో నీళ్లు తగ్గినా ఇలా అవుతుందట.

అవి సాఫ్‌గా ఉన్నాయి. అప్పుడు మందుల చీటీ ముందు పెట్టుకున్నారు. మొదట వణుకు కోసం ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్‌ని మెల్లగా తగ్గించి తీసేశారు. తర్వాత ప్రమిపెక్సోల్ తగ్గించారు. లీవోడోపా జోలికి చివరిదాకా వెళ్లమన్నారు. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణానికే ఖత్రా. ఫుప్పూ మాట విని ఉంటే ఏమయ్యేదో!

అప్పటికీ తగ్గకపోతే రాత్రి పూట కొద్ది మోతాదులో క్వెటియాపిన్ ఇస్తామన్నారు. క్లోజపిన్ కూడా ఉంది, కానీ తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు కాబట్టి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు కావాలి. హాలోపెరిడాల్ మాత్రం వద్దన్నారు. అది డోపమైన్‌నే అడ్డుకుని మనిషిని కొయ్యబొమ్మను చేస్తుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. ఈ రెండు పేర్లూ ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. వేరే జబ్బుకి వేరే డాక్టర్ దగ్గరికెళ్లినా ముందు అదే చూపిస్తాను.

రెండు నెలల్లో షక్ పోయింది, అల్‌హందులిల్లాహ్. వణుకు మాత్రం పెరిగింది. చాయ్ కప్పు ఇప్పుడు అమ్మీ పట్టుకుని తాగిస్తుంది. ఆ సౌదా ఆమెకు ఖుషీగానే ఉంది.

పిల్లలు ఇంకా అప్పుడప్పుడు వస్తారు. మేం బహస్ పెట్టుకోము, అవునని అబద్ధమూ చెప్పము. "మాకు కనబడట్లేదు అబ్బా, మీరు ఫికర్ చేయకండి" అని లైటు వేస్తాం. కుర్చీ మీద దుపట్టా తీసేశాం.

మీ ఇంట్లోనూ ఏ అమ్మీ అయినా ఇలాంటి మాట మోస్తూ ఉంటే, దువా చేయండి, డాక్టరుకూ చెప్పండి. షరమ్ పడాల్సింది ఏమీ లేదు. ఇది బీమారీ.