గెలాక్సీల ఇరుగుపొరుగు

కార్తీక మాసంలో రాత్రి భోజనాలయ్యాక ఓసారి డాబా ఎక్కి చూడండి. వీధి దీపాల గొడవ లేని పల్లె అయితే మరీ మంచిది. ఇంచుమించు నడినెత్తిన నాలుగు చుక్కలు పెద్ద చతురస్రంగా కనిపిస్తాయి. మన పంచాంగంలోని పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర అవే, చెరో రెండు. ఉత్తరాభాద్ర పైచుక్క నుంచి ఈశాన్యంగా కాస్త జరిగితే ఓ మసక మరక ఉంటుంది. అది ఆండ్రోమెడా గెలాక్సీ. మీ కంట పడ్డ ఆ వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది!

అది పాలపుంతలోదేనని ఒకప్పుడు పెద్దపెద్దవాళ్లే వాదించారు. 1923లో ఎడ్విన్ హబుల్ అందులో వెలుగు పెరిగి తరిగే నక్షత్రాన్నొకదాన్ని పట్టుకుని, దూరం లెక్కగట్టి ఆ తగువు తీర్చేశాడు. 1926లో గెలాక్సీలకు జాతులూ కట్టాడు: చేతులు చుట్టుకున్న సర్పిలాలు, నునుపుగా కోలగా ఉండే దీర్ఘవృత్తాలు, ఏ తీరూ లేనివి.

బళ్లో ఇక్కడితో ఆపేస్తారు. నన్నడిగితే అసలు రుచి ఆ తర్వాతే ఉంది. ఏ జాతి ఎక్కడ కాపురముంటుందో చూడాలి. మనది చిన్న పేట. పెద్దవి మూడే, పాలపుంత, ఆండ్రోమెడా, ట్రయాంగులమ్. మూడూ సర్పిలాలే, మిగతావన్నీ పిల్లకాయలు. అదే కన్యారాశి వైపు 5 కోట్ల 40 లక్షల కాంతి సంవత్సరాలు పోతే, వెయ్యికి పైగా గెలాక్సీలు కిక్కిరిసిన గుంపు. నట్టనడుమ ఎం87 అనే మహా దీర్ఘవృత్తం. 2019లో ఫొటో వచ్చిన కృష్ణబిలం దాని కడుపులోదే. 1980లో అలన్ డ్రెస్లర్ అలాంటి 55 గుంపుల్ని పరిశీలిస్తే, ఇరుకు పెరిగేకొద్దీ సర్పిలాలు తగ్గుతున్నాయని తేలింది.

ఎందుకంటారా? గుంపు నిండా కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉంటుంది. సర్పిలం అందులోకి దూసుకొస్తే, జోరుగా పోయే బండి మీద భుజాన వేసుకున్న తువ్వాలు ఎగిరిపోయినట్టు దాని వాయువు కాస్తా ఊడిపోతుంది. ఇక కొత్త నక్షత్రాలు పుట్టడానికి సరుకేదీ? గుద్దుకోవడాలు, కలిసిపోవడాలు సరేసరి. అన్నట్టు, ఢీకొన్న గెలాక్సీలకు ఏమవుతుందో తొలినాళ్లలోనే లెక్కలు కట్టినవారిలో ఉస్మానియా ఖగోళవేత్త సాలెహ్ మొహమ్మద్ అలాదీన్ ఒకరు. ఆ పరిశోధన 1965లో వెలువడింది.

మరి మనకూ ఆండ్రోమెడాకూ? గుద్దుకోవడం ఖాయమని చాలాకాలం చెప్పారు. 2025 నాటి కొత్త లెక్కల్లో, వచ్చే 1000 కోట్ల ఏళ్లలో ఆ ముప్పు సగానికి సగమేనట. ఒకవేళ గుద్దుకున్నా నక్షత్రానికి నక్షత్రం తగలడం దాదాపు ఉండదు, నడుమ అంత ఖాళీ మరి!