ల్యాబ్ మూలన తెల్ల క్యాను

మే నెల చివరి వారం, పొద్దున తొమ్మిదిన్నర. కృష్ణా తీరాన ఒక బోధనాసుపత్రి. యూరాలజీ ఓపీ వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. ఒకాయన మాత్రం పక్కవాళ్లు జరిగి చోటిచ్చినా కూర్చోవడం లేదు. నడుం మీద చెయ్యి వేసుకుని గోడవెంట అటూ ఇటూ నడుస్తున్నాడు. అపెండిసైటిస్ నొప్పి మనిషిని కదలనివ్వదు, కిడ్నీ రాయి నొప్పి ఒకచోట నిలవనివ్వదు. స్కానింగ్ తీయకముందే అనుభవం ఉన్న డాక్టరు సగం రోగనిర్ధారణ ఆ నడక చూసి చేసేస్తాడు. ఎండలు ముదిరితే ఈ వరండా నిండటం మామూలే. చెమటగా పోయిన నీరు మూత్రంలో తగ్గుతుంది, చిక్కబడ్డ మూత్రంలో కాల్షియం, ఆక్సలేట్ ఒకదాన్నొకటి పట్టుకుని స్ఫటికాలు కడతాయి. అలా కట్టిన రాళ్లను పిండిచేసే కొత్త లేజర్ వచ్చిందంటే చూద్దామని వెళ్లాను. చూశాను కూడా. ఎక్కువసేపు నిలబడింది మాత్రం ల్యాబ్ మూలన స్టూలు మీద పెట్టిన ఒక తెల్ల ప్లాస్టిక్ క్యాను దగ్గర.

ముందు లేజర్ సంగతి. మూత్రం వచ్చే దారిలోంచే పైకి పంపే స్కోపు మందం దాదాపు మూడు మిల్లీమీటర్లు. డాక్టరు బొటనవేలితో మీట నొక్కితే దాని కొన లోపల తల తిప్పుతుంది. గోడమీది తెరలో కిడ్నీ లోపలి గది గులాబీరంగు గుహలా కనిపించింది. దాని అడుగున ముదురు గోధుమరంగు రాయి, ఈతగింజ కంటే కాస్త పెద్దది. రెండు మూడు వెంట్రుకలు కలిపి పేనినంత సన్నని ఫైబర్ దాన్ని సమీపించి వెలిగింది. రాయి పగల్లేదు, రాలింది. ధూళి లేచి తెరంతా రాగిజావలా మసకబారింది. నీళ్లు దాన్ని కడిగేశాక రాయి మళ్లీ కనిపించింది, ఈసారి కాస్త చిక్కి. మూత్రంలో రాళ్లకని మన పల్లెల్లో పప్పులో వేసి వండే ఆకు పేరు కొండపిండి. కొండను పిండి చేస్తుందన్న ఆశ ఆ పేరులోనే ఉంది. ఆకు గుణం మాట ఎలా ఉన్నా, పేరులోని ఆశను ఈ థూలియం ఫైబర్ లేజర్ అక్షరాలా తీర్చేసింది.

సుశ్రుతుడి కాలం నుంచీ రాయి అంటే కోతే. 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, జొహాన్సన్ వీపు వైపు నుంచి చిన్న రంధ్రం గుండా కిడ్నీలోకి దిగి రాయిని లాగవచ్చని చూపించారు. ఇవాళ వరండాలో ప్రతి రెండో మనిషి పలికే పీసీఎన్ఎల్ అదే. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందం ఆ రంధ్రం కూడా లేకుండా, బయటి నుంచి షాక్ తరంగాలు పంపి మనిషి కిడ్నీలోని రాయిని పగలగొట్టింది. ఆ తరంగాల చదువు మొదలైంది డార్నియర్ అనే విమానాల కంపెనీలో. ధ్వనిని మించిన వేగంతో పోయే విమానానికి వానచినుకు తగిలితే లోహం ఎందుకు దెబ్బతింటోందని వాళ్లు వెతుకుతుంటే, దారి చివరికి కిడ్నీ దాకా వచ్చింది. ఇప్పుడు సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మెలకువగా ఉన్న మనిషిలోనే అల్ట్రాసౌండ్‌తో రాయిని తునకలు చేయడం, ఆ తునకలను అదే అల్ట్రాసౌండ్‌తో బయటి దారివైపు నెట్టడం ప్రయోగించి చూస్తున్నారు. వైద్యంలో ఇంత తక్కువ కాలంలో ఇంత నెమ్మదించిన బాధ మరొకటి ఉందేమో, నాకైతే వెంటనే తోచడం లేదు.

ఇంత నైపుణ్యం చూశాక నాకు కలిగిన అభిప్రాయం కాస్త ఎదురుబోతుది. రాయి తీయడం తేలికైన కొద్దీ, అది ఎందుకు కట్టిందని అడిగే ఓపిక అందరిలోనూ సన్నగిల్లింది. డాక్టరు అడగడు, రోగి అడగడు, డబ్బు కట్టేవాళ్లు అసలే అడగరు. ఆరోగ్యశ్రీ నుంచి ప్రైవేటు బీమా దాకా చెల్లింపంతా ప్రొసీజర్ చుట్టూ అల్లుకున్నదే. ఎన్ని రాళ్లు తీశారన్నదానికి రిజిస్టరు ఉంది, ఎంతమంది మళ్లీ రాలేదన్నదానికి లేదు. రాయి ఒకసారి వచ్చి పోయే చుట్టం కూడా కాదు. రోగనిర్ధారణ అంటే రాయి ఎక్కడుంది, ఎన్ని మిల్లీమీటర్లు అన్న రెండు ముక్కలతో ఆగిపోతే, తీసినచోటే మరొకటి మొలుస్తుంది. ఈ రంగంలో ఇప్పుడు మనకు ఎక్కువ పనికొచ్చే పరిశోధన లేజర్ గదిలోకంటే ఆ క్యాను చుట్టూనే ఉందని నా వాదన.

మొదట రాయి సంగతే చూడండి. తీసిన తునకల్ని చిన్న డబ్బాలో వేసి చేతికిస్తే చాలామంది ఇంటికి తీసుకెళ్లి బంధువులకు చూపిస్తారు. నిజానికి అది ల్యాబ్‌కు వెళ్లాలి. ఎందుకంటే అన్ని రాళ్లూ ఒకటి కావు. ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్. కొన్ని ఇన్ఫెక్షన్ వల్ల కట్టేవి, అరుదుగా పుట్టుకతో వచ్చిన లోపం వల్ల కట్టే సిస్టీన్ రాళ్లు. యూరిక్ ఆమ్లం రాళ్లది వేరే కథ. మామూలు ఎక్స్‌రేలో అవి కనిపించవు, సీటీలో కనిపిస్తాయి. మూత్రం ఆమ్లగుణం పెరిగితే కడతాయి. చక్కెర వ్యాధి, ఊబకాయం ఉన్నవాళ్లలో మూత్రం అలా మారడం ఎక్కువ, మనవైపు చక్కెర వ్యాధి ఎంత ఉందో చెప్పనక్కర్లేదు. విశేషమేమిటంటే పొటాషియం సిట్రేట్ లాంటి మందుతో మూత్రం పీహెచ్‌ను ఆరున్నర దాకా లేపి కొన్ని వారాలు అక్కడే నిలిపితే ఈ రాళ్లు వాటంతటవే కరుగుతాయి. కనిపెట్టుకోవడానికి కావలసింది అరచేతిలో పట్టే కాగితం పట్టీ. నారింజరంగులో ఉంటే ఆమ్లం, పచ్చబడుతుంటే మందు పనిచేస్తున్నట్టు. రాళ్లు కరిగే మందు అని ఊళ్లో అమ్మేవన్నీ అబద్ధమని కొట్టిపారేసే డాక్టర్లూ, అన్ని రాళ్లూ కరుగుతాయని నమ్మే రోగులూ ఇద్దరూ ఇక్కడే తప్పుతున్నారు. కరిగే రాయి ఒకటుంది. ఏదో తెలుసుకోకుండా కత్తి పట్టడమే పొరపాటు.

ఇక క్యాను. ఇది 24 గంటల మూత్రం పట్టడానికి. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పారబోసి టైము రాసుకోవాలి. అప్పటినుంచి మర్నాడు అదే టైముకు వచ్చేదాకా ప్రతిబొట్టూ అందులో పడాలి. దాన్ని కొలిచి చూస్తే ఆ మనిషి ఎన్ని లీటర్లు పోశాడు, ఎంత కాల్షియం, ఎంత ఆక్సలేట్, ఎంత ఉప్పు, రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ ఎంత అన్నీ తేలతాయి. ఏ స్కానింగూ చెప్పని సంగతులు ఇవి. స్కాను రాయిని చూపిస్తుంది, ఇది రాయి కట్టే వంటింటిని చూపిస్తుంది. కానీ క్యాను పట్టుకుని పనికెళ్లేదెవరు? అందుకే జనం ఆదివారం పట్టుకొస్తారు. ఆదివారం ఫ్యాను కింద పడుకుని, మధ్యాహ్నం రెండు గ్లాసుల మజ్జిగ తాగిన మనిషి మూత్రం ఆదివారం సంగతే చెబుతుంది. మంగళవారం మధ్యాహ్నం సెంట్రింగ్ పనిలో ఇనపరేకుల మధ్య నిలబడ్డ మనిషి సంగతి అందులో ఉండదు. ఫలితం బాగానే ఉందని రాసి పంపేస్తారు, ఆర్నెల్లకు అతను మళ్లీ వరండాలో నడుస్తుంటాడు.

వరండాలో నేను ఎక్కువసార్లు విన్న మాట ‘బాగానే’. నీళ్లు ఎన్ని తాగుతున్నారని నర్సు అడిగితే అందరి జవాబూ అదే. లీటర్లకు మన దగ్గర అదొక కొలమానం. ఈ ‘బాగానే’ను అంకెల్లోకి దించిన అధ్యయనం 1996లో ఇటలీలోని పార్మాలో లోరిస్ బోర్గీ బృందం ప్రచురించింది. మొదటిసారి కాల్షియం రాయి వచ్చిన 199 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపును రోజుకు రెండు లీటర్ల మూత్రం వచ్చేంత నీరు తాగమన్నారు, రెండోవాళ్లకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. అయిదేళ్లలో మళ్లీ రాయి వచ్చింది మొదటి గుంపులో నూటికి 12 మందికి, రెండోదాంట్లో 27 మందికి. లక్ష్యం పెట్టింది తాగే నీటికి కాదు, వచ్చే మూత్రానికి అన్నది గమనించాలి. రోజుకు మూడు లీటర్లు తాగమని గోడమీద బోర్డు పెడితే, ఏసీ గదిలో గుమస్తాకు అది ఎక్కువ కావచ్చు, ఇటుకబట్టీలో కూలికి చాలకపోవచ్చు.

తిండి విషయంలో మన నమ్మకాలు ఇంకా తలకిందులు. రాయి అనగానే పాలు, పెరుగు మానేయమనే సలహా నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది. పెరుగన్నం లేకుండా భోజనం ముగించాల్సిన తెలుగువాడికి ఇది రాయికంటే పెద్ద శిక్ష. 1993లో గ్యారీ కర్హన్ బృందం అమెరికాలో 45,000 పైచిలుకు మగవాళ్ల తిండి అలవాట్లు గమనించి, తిండిలో కాల్షియం ఎక్కువున్నవాళ్లకే రాళ్లు తక్కువని చెప్పింది. గమనించి చెప్పిన మాట మీద అనుమానం ఉండవచ్చు. 2002లో బోర్గీ బృందమే 120 మంది రోగుల మీద దాన్ని పరీక్షకు పెట్టింది. మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతూ, రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లే అందరూ. కాల్షియం తగ్గించి తిన్న 60 మందిలో 23 మందికి, కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికి అయిదేళ్లలో రాయి తిరగబెట్టింది. కారణం సులువే. పాలకూర పప్పు తిన్నాక పెరుగు కలుపుకుంటే, ఆక్సలేట్‌ను ఆ కాల్షియం పేగులోనే పట్టేసి బయటికి పంపేస్తుంది. పెరుగు మానేస్తే ఆక్సలేట్ నేరుగా కిడ్నీకి చేరుతుంది. ఉప్పు మాత్రం నిజంగానే దోషి, సోడియం తనతోపాటు కాల్షియాన్ని మూత్రంలోకి లాక్కెళుతుంది. మే నెల అంటే ఇంటింటా కొత్తావకాయ కలిపే రోజులు. ఎండ, ఉప్పు, చెమట ఒకే నెలలో కలిసొచ్చే ప్రాంతంలో టమోటా గింజల మీద నింద మోపి పచ్చడి జాడీని వదిలేయడం మన ప్రత్యేకత.

ఇదంతా విన్న డాక్టరు ఎవరైనా ముందు అనేది ఒకటే: మూత్రనాళంలో రాయి అడ్డుపడి, జ్వరం వచ్చి, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకుతున్న మనిషికి ఆవకాయ ఉపన్యాసమా? కాదు. అది గంటల్లో తేల్చాల్సిన ప్రమాదం, అక్కడ ముందు స్టెంటు వేసి దారి తెరవాల్సిందే. ఆ మనిషి బతికి ఇంటికి వెళ్లాక మొదలయ్యే అయిదేళ్ల గురించే నా మాటంతా. ఇంకో అభ్యంతరం మరింత పదునైనది. పరికరమే నివారణ కూడా కావచ్చని 2022లో మాథ్యూ సోరెన్సెన్ బృందం చూపింది. పెద్ద రాయి తీస్తున్నప్పుడే, బాధ పెట్టని చిన్న రాళ్లను కూడా తీసేస్తే సమస్య తిరగబెట్టింది నూటికి 16 మందిలో, వదిలేస్తే 63 మందిలో. 73 మంది మీద చేసిన చిన్న పరీక్ష అది, అయినా ఫలితం గట్టిదే, ఒప్పుకోవాలి. అయితే వాళ్లంతా వేరే రాయికోసం ఎలాగూ టేబుల్ ఎక్కినవాళ్లు. హెల్త్ చెకప్ స్కాన్‌లో నాలుగు మిల్లీమీటర్ల రాయి కనిపించిందని నొప్పే లేనివాడిని టేబుల్ ఎక్కించడానికి దాన్ని సాక్ష్యంగా చూపడం చెల్లదు.

మూడో అభ్యంతరం నివారణ శిబిరంలోనే పుట్టింది. కాల్షియం రాళ్లు ఆపుతుందని దశాబ్దాలుగా రాస్తున్న థయజైడ్ మాత్రను స్విట్జర్లాండ్‌లో 416 మంది మీద పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో నూటికి 59 మందికి, ఎక్కువ మోతాదు మింగినవాళ్లలో 49 మందికి రాయి తిరగబెట్టింది లేదా పెరిగింది. ఆ తేడాను నమ్మడానికి లెక్కలు ఒప్పుకోలేదు. రాయి తొందరగా పడిపోవడానికని రాసే టామ్సులోసిన్ కూడా 2015లో బ్రిటన్‌లో 1,100 మందికి పైగా రోగుల మీద జరిగిన పరీక్షలో ఉత్తుత్తి మాత్రను మించలేదు. మందు వేసుకున్నా వేసుకోకపోయినా నూటికి 80 మందికి నెలలోపు మరో చికిత్స అవసరం పడలేదు. కాస్త పెద్ద రాళ్లకు పనికొస్తుందేమోనన్న వాదన ఇంకా నడుస్తోంది. నివారణ అంటే ఇలా కూలిపోయే నమ్మకాలేనా అని ఎవరైనా అడగవచ్చు. కూలినవి మాత్రలు, నీళ్లూ ఉప్పూ కాదు. పైగా ఓడిపోయిన మందును ఓడిందని అచ్చువేసే ఈ పద్ధతి మీద, అమ్ముడయ్యే మిషన్ గురించి వచ్చే కరపత్రాల కంటే నాకు నమ్మకం ఎక్కువ.

జవాబు చెప్పడం కష్టమైన అభ్యంతరం మాత్రం వరండాలోనే కూర్చుని ఉంది. పత్తి చేలో, మిర్చి కల్లంలో పనిచేసే ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగేది దాహం వేయక కాదు, చాటు లేక. ఇటలీ అధ్యయనం వాళ్లకు చెప్పగలిగింది ఏమీ లేదు. నికరాగువా చెరకు తోటల్లో కూలీలకు నీళ్లు, నీడ, మధ్యమధ్య విశ్రాంతి గట్టిగా అమలుచేశాక కిడ్నీ దెబ్బతినడం తగ్గింది. అది రాళ్ల జబ్బు కాదు, వేరే జబ్బు. అయినా మందుచీటీ మీద రాయలేని చికిత్స ఒకటి ఉంటుందని, దాన్నీ కొలవొచ్చని అక్కడ తేలింది. మన దగ్గర అలాంటి కొలత చేయాల్సింది యూరాలజీ విభాగమా, కార్మిక శాఖా అంటే నేను ఇద్దరూ అనే అంటాను. ఒక మరుగుదొడ్డి ఖరీదు, ఒక లేజర్ ఫైబర్ ఖరీదు పక్కపక్కన పెట్టి చూడమని కూడా.

మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్ మూల ఖాళీ అయింది. పొద్దున గోడవెంట నడిచినాయనకు ఇంజెక్షన్ పడి నొప్పి దిగినట్టుంది, స్టూలు దగ్గర నిలబడి క్యాను ఎలా వాడాలో వింటున్నాడు. ఆదివారం పట్టి తెస్తానన్నాడు. నర్సు తల అడ్డంగా ఊపి, మార్కర్ తీసి, క్యాను మీద పెద్ద అక్షరాలతో ‘మంగళవారం’ అని రాసింది.